మూడూళ్ళకూ ప్రమోషన్లిచ్చే రామాంజుల రెడ్డి

దువ్వూరు పక్క రామాంజుల రెడ్డికి ఖాకీ బట్ట కంటబడితే చాలు, మనిషి ఊరుకోలేడు. ప్రమోషన్ ఇచ్చేస్తాడు.

సర్కారు ప్రమోషన్ ఇవ్వాలంటే ఖాళీ ఉండాలి, ప్యానెల్ కూర్చోవాలి, ఫైలు కదలాలి, పైన సంతకం పడాలి. రామాంజుల రెడ్డికి నోరుంటే చాలు. హోంగార్డు ఎదురైతే ‘కానిస్టేబుల్ గారూ’ అంటాడు. కానిస్టేబులైతే ‘హెడ్డు గారూ’. హెడ్డు కానిస్టేబులైతే ‘ఏఎస్సై గారూ’. ఏఎస్సైని ఎస్సై చేస్తాడు, ఎస్సైని సీఐ చేస్తాడు, సీఐని డీఎస్పీ చేసి చేతులు కట్టుకుని నిలబడతాడు. ఎంత అభిమానం ఉన్నా ఎవరికీ రెండు మెట్లు ఇవ్వడు. “రెండిస్తే ఎగతాళి చేస్తాండానని అనుకుంటారప్పా. ఒకటిస్తే మర్యాద” అని ఆయన సిద్ధాంతం.

పోలీసులతో ఆగినా బాగుండేది. ప్రొద్దుటూరు బస్టాండులో కండక్టర్లను కంట్రోలర్లు చేసేశాడు. ఏటీఎం ముందర కుర్చీలో కునుకు తీసే వాచ్‌మన్‌ను ‘సూపర్‌వైజర్ గారూ’ అని లేపాడు. ఆ వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచి, నిజంగానే తన సూపర్‌వైజర్ వచ్చాడనుకుని అటూ ఇటూ వెతుక్కున్నాడట.

మనిషి ఆరడుగులు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో గుడ్డసంచి. సంచిలో ఎప్పుడూ ఒక శాలువా, ఒక పూలదండ. చదువు ఊరి బడిలో ఐదో తరగతి. కాలువ కింద వరి, పసుపు. సేద్యం కొడుకు శివ చూసుకుంటాడు, ఇల్లు భార్య గురమ్మ చూసుకుంటుంది, పోలీసు శాఖను ఈయన చూసుకుంటాడు. పొద్దున్నే సద్ది తిని బస్సెక్కితే ప్రొద్దుటూరు, ఆడనుంచి జమ్మలమడుగు, వీలుంటే పులివెందుల. ఏ స్టేషన్లో ఎవరికి బదిలీ అయినా, ఎవరు కొత్తగా చేరినా, ఎవరు రిటైరైనా, కాగితం చేరేలోపల రామాంజుల రెడ్డి చేరుకుంటాడు. ఇట్లాంటి మనిషి ఈ మూడూళ్ళలోనే కాదు, చుట్టూ నాలుగు జిల్లాలు గాలించినా ఇంకొకడు దొరకడని గట్టిగా చెప్పవచ్చు. దొరకకపోవడమే మంచిదని కొందరు అధికారులు అంటారు గానీ అది వేరే సంగతి.

ఇక ఆయన జ్ఞాపకశక్తి. పెళ్ళిలో పురోహితుడు మూడు తరాల పేర్లు ఎట్లా చదువుతాడో, ఈయన పోలీసుల పోస్టింగులు అట్లా చదువుతాడు. ఎవరు యాడ చేరినారు, ఎవరి కింద పని నేర్చుకున్నారు, ఎవరిని ఏ కోపానికి ఏ మూలకు తోసినారు, ఎవరు వీఆర్‌లో ఉండారు, అన్నీ నాలుక మీదే. వీఆర్ అంటే ఏమిటో తెలియనివాళ్ళకు ఆయనే చెబుతాడు: “ఉద్యోగం ఉంటాదప్పా, కుర్చీ ఉండదు.” భర్త ఫోను ఎత్తకపోతే భార్యలు ఈయనకు ఫోను చేస్తారు. “రామాంజుల మామా, మా ఆయన యాడున్నాడు?” అని ఒకామె అడిగితే, “అమ్మా, సారుకు వేముల పక్క బందోబస్తు పడింది. మధ్యాన్నం దాకా సెల్లు పనిచెయ్యదు. నువ్వు తినేసెయ్” అని జవాబు చెప్పాడు. ఆమె తినేసింది. ఆయన సాయంత్రం వచ్చాడు.

పులివెందులకు చందన అనే అమ్మాయి ఎస్సైగా వచ్చిన రోజు సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె జీపు దిగీ దిగకముందే మెడలో దండ పడింది. ఎవరో రాజకీయ నాయకుడనుకుని ఆమె సర్దుకుని నమస్కారం పెట్టింది.

“రండి సీఐ మేడం!” అన్నాడు రామాంజుల రెడ్డి.

“నేను ఎస్సైనండీ.”

“తెలుసు మేడం. ట్రైనింగులో పరుగుపందెంలో రెండో ప్రైజు మీది. మొదటి ప్రైజు కొట్టినామె ఇప్పుడు నంద్యాల పక్క ఉండాది, కాలు బెణికి సెలవులో ఉండాది. ఇప్పుడు పరిగెత్తితే మీరే ఫస్టు. ప్రొబేషన్లో చీరల దొంగను సంతలో ఒంటిచేత్తో పట్టినారు. రెండో చేతిలో మీ టిఫిన్ క్యారియర్ ఉండె.”

చందనమ్మ మెడలో దండ సర్దుకుంది. “ఇవన్నీ మా నాన్నకు కూడా తెలియవు” అంది. పక్కనే నిలబడిన సీఐ గొంతు సవరించుకున్నాడు. తన స్టేషన్లోకి ఇంకొక సీఐ దిగబడితే ఏ సీఐకైనా గొంతు సవరించుకోవాల్సి వస్తుంది. రామాంజుల రెడ్డి వెంటనే ఆయన వైపు తిరిగి, “డీఎస్పీ గారి ఆశీర్వాదం ఉంటే మేడం ఇంకా పైకొస్తారు” అన్నాడు. ఇద్దరూ సంతోషంగా లోపలికి పోయారు.

ఈ దానధర్మం వల్ల చిక్కులు రాలేదని కాదు. ప్రొద్దుటూరు పరిసరాల్లో ఒక స్టేషన్‌కు, ఏ స్టేషన్ అయితే మనకెందుకు, ఒక పొద్దున వెళ్ళి అక్కడి కానిస్టేబుల్‌ను ‘హెడ్డు గారూ’ అన్నాడు. పక్కనున్న అసలు హెడ్డుకు ముఖం మాడిపోయింది. ఆయన్ను ‘ఏఎస్సై గారూ’ అని సముదాయించాడు. దాంతో ఏఎస్సై పేపరు కింద పెట్టాడు. ఆయన్ను ఎస్సైని చేశాడు. లోపలి గదిలో ఉన్న ఎస్సైకి వినబడింది. ఆయన్ను సీఐని చేయక తప్పింది కాదు. పావుగంటలో స్టేషన్ మొత్తం పైకి పోయింది. అప్పుడు ఎస్సై, “ఎవరన్నా టీ తీసుకురాండప్పా” అని కేకేశాడు. ఎవరూ కదల్లేదు. టీకి పోవాల్సిన మనిషి అప్పటికే హెడ్డయిపోయాడు. చివరికి రామాంజుల రెడ్డే పోయి తెచ్చాడు.

ఈ పిచ్చి ఎందుకు పట్టిందన్నదానికి ఊళ్ళో రకరకాల కథలున్నాయి. వయసులో పోలీసు సెలక్షన్‌కు పోతే ఛాతీ చాలలేదని కొందరు, ఛాతీ చాలింది గానీ లెక్కల్లో పోయిందని కొందరు, అసలు పోనేలేదు, గురమ్మ పోనివ్వలేదని కొందరు అంటారు. ఆయన్నే అడిగితే, “ఎండలో నిలబడినోన్ని తిట్టేవాళ్ళు ఊరంతా ఉండారు. నోరారా పిలిచేవాడు ఒకడన్నా ఉండద్దా?” అంటాడు. అంతకుమించి చెప్పడు.

ఇంత ఉదారమైన మనిషి మూడూళ్ళలో ఒకే ఒక్కడికి ప్రమోషన్ ఇవ్వలేదు. ఆ ఒక్కడి పేరు రహమతుల్లా.

రహమతుల్లా గుండ్లవంక స్టేషన్లో హెడ్డు కానిస్టేబుల్. గుండ్లవంక జమ్మలమడుగు దాటినాక వచ్చే చిన్న ఊరు. స్టేషన్ కూడా ఊరికి తగ్గట్టే చిన్నది. రహమతుల్లా అక్కడికి బదిలీ అయి వచ్చిన రోజునే రామాంజుల రెడ్డి శాలువాతో దిగాడు. గేటు దగ్గర హోంగార్డు ఉమైర్‌ను ‘కానిస్టేబుల్ గారూ’ అన్నాడు. కానిస్టేబుళ్ళను వరసగా హెడ్లను చేశాడు. ఎస్సైని సీఐ చేశాడు. రహమతుల్లా అప్పటికే ఈయన కీర్తి విని ఉన్నాడు కాబట్టి, చొక్కా సర్దుకుని, తన వంతు కోసం కాస్త సిగ్గుపడుతూ నిలబడ్డాడు.

రామాంజుల రెడ్డి శాలువా కప్పాడు. గొంతెత్తాడు. “చక్రాయపేటలో కానిస్టేబులుగా చేరి, వేంపల్లెలో పేరు తెచ్చుకోని, పాపాఘ్నికి వరదొచ్చిన నాడు మెడలోతు నీళ్ళలో దిగి, లారీ పైకెక్కి కూర్చున్న ముసలమ్మను భుజాల మీద గట్టుకు తెచ్చినోడు. ముసలమ్మతో పాటు ఆమె మేకను గూడా తెచ్చినోడు. జిల్లా పోలీసు ఆటల్లో ఈతలో ఫస్టు. రహమతుల్లా గారు!” అని చదివి, ఊపిరి పీల్చుకుని, “సంతోషం, హెడ్డు గారూ” అన్నాడు.

నోరు జారిందేమో అనుకున్నాడు రహమతుల్లా. మళ్ళీ నెల వచ్చినప్పుడూ హెడ్డే. ఆ తర్వాత బక్రీదుకు శుభాకాంక్షలు చెప్పేదానికి ఫోను చేసినప్పుడూ హెడ్డే. అప్పటికి గానీ అర్థం కాలేదు, ఆ నోరు జారే నోరు కాదని.

మామూలుగా అయితే ఇదొక బాధే కాదు. ఉన్న హోదాతో పిలిస్తే ఎవరైనా బాధపడతారా? కానీ రహమతుల్లాకు ఉగాది దాటినాక వచ్చే నెలాఖరుకు రిటైర్మెంటు. తనతో చేరినవాళ్ళందరి భుజాల మీదా ఏఎస్సై నక్షత్రం మెరుస్తోంది. కొందరికి రెండు కూడా మెరుస్తున్నాయి. తన చొక్కా చేతి మీద మాత్రం అవే మూడు పట్టీలు. ఆ పట్టీలతోనే ఇంటికి పోవాల్సి వస్తుందేమోనని ఆయన దిగులు. కారణం ఒక కోడి.

ఎప్పుడో, ఇంకొక చోట పనిచేస్తున్నప్పుడు, పందేల మీద దాడి చేసి ఒక పుంజును పట్టుకొచ్చారు. కోర్టు వేలం వెయ్యమనేలోపల దాన్ని కాపాడే బాధ్యత రహమతుల్లా మీద పడింది. ఆయన దానికి సజ్జలు వేశాడు, నీళ్ళు పెట్టాడు, ఎండ తగలకుండా గోనెపట్ట కట్టాడు. మూడోనాడు పక్కింటి పెట్టల అరుపు విని అది గోడ దూకింది. మళ్ళీ కనబడలేదు. ‘కస్టడీలో ఉన్న కేసు ప్రాపర్టీ ఎట్లా తప్పించుకుంది?’ అని మెమో వచ్చింది. దాని మీద విచారణ మొదలైంది. విచారణ చేసే అధికారికి బదిలీ అయింది. ఇంకొకాయన వచ్చి మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాడు. ఆయనకూ బదిలీ అయింది. మూడో ఆయనా ముగించలేదు. మెమో మూతబడేదాకా ప్రమోషన్ ప్యానెల్‌లోకి పేరు పోదు. మెమో మూయాల్సిన మనిషి ఊళ్ళో ఉండడు. అట్లా ఏండ్లు గడిచాయి.

“అందరికీ ఇస్తాండాడు, నాకే ఇయ్యడు” అన్నాడు రహమతుల్లా ఒక పొద్దున, భార్య మాబున్ని ముందర కూర్చుని.

“ఇస్తే ఏమొస్తాది? జీతం పెరుగుతాదా?” అంది మాబున్ని ఉల్లిగడ్డలు కోస్తూ.

“పెరగదు.”

“పెన్షన్ పెరుగుతాదా?”

“అదీ పెరగదు.”

“మరి దేనికి నీకు?”

రహమతుల్లా చెవి రుద్దుకున్నాడు. “చెవులకు బాగుంటాది” అన్నాడు. “అసలు డిపార్ట్‌మెంటు ఎట్లాగూ ఇయ్యలా. దొంగ డిపార్ట్‌మెంటు గూడా ఇయ్యకపోతే ఇంగ నేను యాడికి పోవాల?”

మాబున్ని కళ్ళు తుడుచుకుంది. ఉల్లిగడ్డల వల్లనో, నవ్వాపుకోవడం వల్లనో ఆయనకు తెలియలేదు. “సరే, శుక్రవారం బువ్వకు పిలువు. నా చేతి బిర్యానీ తిన్నోడు ఏమడిగినా ఇస్తాడు” అంది.

పిలిచారు. వచ్చాడు. మొదటి ముద్దకే కళ్ళు మూసుకున్నాడు. “అమ్మా మాబున్నీ, దీన్ని బిర్యానీ అంటే పాపం తల్లీ, ఇది నిఖా వలీమాలో పెట్టే పెండ్లి విందు!” అన్నాడు. బిర్యానీకి కూడా ఒక మెట్టు ప్రమోషన్ వచ్చింది. తర్వాత పెరుగుపచ్చడికి వచ్చింది. వడ్డిస్తున్న వాళ్ళమ్మాయి మైమూన్ టీచర్ ట్రైనింగులో ఉందని తెలిసి ‘హెడ్మాస్టరమ్మ’ అని కూడా అన్నాడు. అదొక్కటి మాత్రం రెండు మెట్లు దాటిందని రహమతుల్లా లెక్కపెట్టుకున్నాడు. ఇంక తన వంతే అనుకుని, చెయ్యి కడిగేదానికి తానే నీళ్ళు పోశాడు.

“తృప్తిగా తిన్నాను. పోయొస్తా హెడ్డు గారూ.”

మాబున్ని తలుపు చాటునుంచి బయటికి వచ్చేసింది. “తిన్న చెయ్యి గూడా ఆరలా గదా ఈయప్పకు! ఇంగొగసారి రమ్మను, ఉప్మా పెడతా” అంది.

రహమతుల్లా ఇంక సిగ్గు విడిచాడు. జమ్మలమడుగు బస్టాండు దగ్గర టీ అంగట్లో పట్టుకుని ముఖాన్నే అడిగాడు. పక్కన ఉమైర్ కూడా ఉన్నాడు. ఉమైర్ నడివయసు మనిషి, రామాంజుల రెడ్డి పుణ్యాన మూడేండ్లుగా కానిస్టేబుల్.

“మామా, నీకు నేనేం ద్రోహం చేసినా?”

“ఏంది హెడ్డు గారూ, అంత మాటన్యారు?”

“ఇదిగో, ఇదే! నోరు తెరిస్తే హెడ్డు! ఈ ఉమైర్‌కు ఇస్తివి. ఏటీఎం కాడ నిద్రపొయ్యేవానికి ఇస్తివి. మా యింట్లో పచ్చడికిస్తివి. నాకియ్యడానికి నీ నోటికి ఏమడ్డమొచ్చింది?”

రామాంజుల రెడ్డి టీ గ్లాసులోకి చూశాడు. ఎప్పుడూ ఎవరి ముందరా మాట తడుముకోని మనిషి. “నీకు నేనియ్యకూడదప్పా” అన్నాడు.

“ఎందుకియ్యకూడదు?”

“ఇయ్యకూడదంతే. అడగొద్దు.”

ఉమైర్ ఓదార్చబోయాడు. “పోనీలే అన్నా. నాకిచ్చిందాంట్లో సగం నువ్వు తీసుకో.”

“నోరు మూసుకో, హోంగార్డ్!” అన్నాడు రహమతుల్లా. మూడేండ్లలో ఆ మాట వినని ఉమైర్ అదిరిపడ్డాడు.

ఆ రోజునుంచి రహమతుల్లా రామాంజుల రెడ్డితో మాట్లాడడం మానేశాడు. ఆయన స్టేషన్ మెట్లెక్కగానే ఈయన ఫోను తీసి చెవికి పెట్టుకుని, అవతల ఎవరూ లేకపోయినా, “చెప్పండి సార్, ఉండాను సార్” అనేవాడు. ఒకసారి అట్లా మాట్లాడుతుండగానే ఆ ఫోను మోగింది. స్టేషనంతా తలలు వంచుకుని కాగితాల్లోకి చూసింది.

సంక్రాంతి పోయింది, మాఘం వచ్చింది. డీఐజీ గారు వార్షిక తనిఖీకి గుండ్లవంకకు వస్తున్నారని కబురు. దారి పక్కనున్న రాళ్ళకు సున్నం కొట్టారు. చెట్లకు నడుముదాకా ఎర్రమన్ను పూశారు. ఎస్సై యశ్వంత్ కుర్రవాడు, మొదటి పోస్టింగు. ఆయనకు చెమట ఆగడం లేదు. ఉమైర్‌ను పిలిచి, “ఎవరినైనా రానీ గానీ, ఆ దువ్వూరు రెడ్డిని మాత్రం గేటు దాటనియ్యొద్దు. పైవాళ్ళ ముందర ప్రమోషన్లు పంచినాడంటే నా ఉద్యోగం పోతాది” అని గట్టిగా చెప్పాడు.

ఉమైర్ గేటుకు అడ్డంగా నిలబడ్డాడు. డీఐజీ గారి బండి వచ్చింది, ఎస్పీ గారి బండి వచ్చింది, ఆ దుమ్ము అణగకముందే ఆటో దిగి రామాంజుల రెడ్డి వచ్చాడు.

“కానిస్టేబుల్ గారూ, బాగుండారా?”

గేటు దానంతటదే తెరుచుకుందని ఉమైర్ తర్వాత చెప్పుకున్నాడు.

లోపల సిబ్బంది వరసగా నిలబడి ఉన్నారు. రామాంజుల రెడ్డి నేరుగా పోయి డీఐజీ గారి మెడలో దండ వేశాడు. “ఐజీ గారికి దండం” అన్నాడు. డీఐజీ గారు ఏదో అనబోయేలోపల పక్కనున్న ఎస్పీ గారికి శాలువా కప్పి, “డీఐజీ గారికి దండం” అన్నాడు. అసలు డీఐజీ పక్కన నిలబడి ఉండగా ఆ పిలుపు అందుకోవడమంటే మాటలా? ఎస్పీ గారు శాలువాను పాము పడినట్టు భుజం మీదినుంచి తీసి చేతిలో పట్టుకున్నారు.

“ఎవరీయన?” అన్నారు డీఐజీ గారు.

“రైతు సార్” అన్నాడు యశ్వంత్. “మన డిపార్ట్‌మెంటంటే కొంచెం అభిమానం ఎక్కువ సార్. అందరికీ ఒక ర్యాంకు కలిపి పిలుస్తాడు సార్.”

“సీఐ గారు శానా మంచోడు సార్, ఊరికే భయపడతాడు” అన్నాడు రామాంజుల రెడ్డి యశ్వంత్‌ను చూపించి.

డీఐజీ గారి పెదవి ఒక పక్క కదిలింది. “కానివ్వండి పెద్దాయనా. మిగతావాళ్ళను కూడా పరిచయం చేయండి” అన్నారు. ఆ మాట కోసమే పుట్టినట్టు రామాంజుల రెడ్డి వరస వెంబడి నడిచాడు. ఒక్కొక్కరి ముందర ఆగడం, పోస్టింగులు చదవడం, ఒక మెట్టు పైకెక్కించడం. ఫలానా హెడ్డు గారు, ఫలానా హెడ్డు గారు. బండి దగ్గర నిలబడిన డీఐజీ గారి డ్రైవర్‌ను కూడా వదలలేదు. దూరం నుంచే చెయ్యెత్తి, “ఆయన ఏఎస్సై గారు సార్, డ్రైవింగులో మెడల్ ఉంది” అన్నాడు.

చివరికి రహమతుల్లా ముందరికి వచ్చాడు. రహమతుల్లా ఎదురుగా గోడకేసి చూస్తున్నాడు. పై అధికారి ముందర ఫోను చెవికి పెట్టుకునే వీలు లేదు కాబట్టి నిలబడ్డాడు గానీ, లేకుంటే పెట్టుకునేవాడే.

రామాంజుల రెడ్డి చక్రాయపేటనుంచి మొదలుపెట్టాడు. వేంపల్లె, వరద, ముసలమ్మ, మేక, ఈత, ఒక్కటీ వదలలేదు. చివరికి, “ఈయన హెడ్డు కానిస్టేబుల్ రహమతుల్లా గారు సార్” అని ఆగాడు.

వరసలో ఉన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“ఆగండాగండి” అన్నారు డీఐజీ గారు. “నా డ్రైవర్‌కు కూడా ఇచ్చారు. నీళ్ళలో దిగి మనిషిని కాపాడినాయనకు ఇవ్వరా? ఈయనేం తక్కువ చేశాడు?”

“తక్కువేం చెయ్యలా సార్.” రామాంజుల రెడ్డి చేతులు కట్టుకున్నాడు. “వాళ్ళకైతే నేనిస్తే సరిపోతాది. నోటిమాటతో పొయ్యేది. ఈయనకు రావాల్సింది నిజమైందే ఉంది సార్. అది మీరియ్యాల. నేనిచ్చి మీదాన్ని ఎంగిలి చెయ్యకూడదు గదా.”

రహమతుల్లా గోడ మీదినుంచి చూపు తిప్పాడు.

“ఏమైంది ఈయనకు?” డీఐజీ గారు యశ్వంత్‌ను అడిగారు. యశ్వంత్ మెమో అన్నాడు, కోడి అన్నాడు, విచారణ పెండింగ్ అన్నాడు.

“విచారణ ఎవరు చేస్తున్నారు?”

యశ్వంత్ ఎస్పీ గారి వైపు చూశాడు. రామాంజుల రెడ్డి గొంతు సవరించుకున్నాడు. “మొదట చేసిన సీఐ గారు ఇప్పుడు డీఎస్పీ సార్. ఇది నేనిచ్చింది కాదు సార్, సర్కారే ఇచ్చింది. రెండోసారి చేసినాయన ఏలూరు పక్క డీఎస్పీ. మూడోసారి చేసినాయన డీఎస్పీ అయి రిటైరై తిరుపతిలో ఇల్లు కట్టుకున్నాడు. విచారణ చేసినోళ్ళంతా పైకి పోయినారు సార్. జరిపించుకున్న ఈయనొక్కడే ఆడనే నిలబడిపోయినాడు. కోడి గూడా గోడ దాటి ముందరికే పోయె.”

ఎస్పీ గారు దగ్గారు. డీఐజీ గారు ముఖం గంభీరంగా పెట్టుకునేదానికి చాలా కష్టపడ్డారు.

“ఆ కోడిని పట్టుకోడానికి ప్రయత్నం చేయలేదా?” అని రహమతుల్లాను అడిగారు.

“పరిగెత్తినా సార్.”

“దొరకలేదా?”

“అది పందెం కోడి సార్” అన్నాడు రహమతుల్లా దీనంగా. “నేను ఈతలో ఫస్టు గానీ, పరుగులో కాదు సార్.”

డీఐజీ గారు నవ్వేశారు. ఆయన నవ్వాక ఎస్పీ గారు నవ్వారు, ఆ తర్వాత హోదా ప్రకారం అందరూ నవ్వారు. చివర్న గేటు దగ్గర ఉమైర్ నవ్వాడు. నవ్వు ఆగాక డీఐజీ గారు ఎస్పీ గారితో ఏదో మెల్లగా అన్నారు. రహమతుల్లాకు వినబడింది ఒకే ముక్క: “ఆయన రిటైరయ్యేలోపల.”

మెమో మూతబడింది. ఏండ్ల తరబడి ఒక్క సంతకం కోసం పడుకున్న ఫైలు, పైనుంచి కిందికి తోసేసరికి రాయి దొర్లినట్టు దొర్లింది. ఉగాదికి ముందే రహమతుల్లాకు ఆర్డరు వచ్చింది. కడపలో ఎస్పీ గారు ఒక భుజానికి నక్షత్రం గుచ్చారు. రెండో భుజానికి గుచ్చమని మాబున్నిని పిలిచారు. ఆమె గట్టిగా నొక్కేసరికి సూది కాస్త లోపలికి దిగింది. ఫోటోలో రహమతుల్లా ముఖం వంకరగా, కళ్ళు తడిగా ఉండడానికి కారణం అదే. చూసినవాళ్ళు ఆనందబాష్పాలనుకుంటారు.

పూలదండలు చాలా పడ్డాయి. చందన మేడం పులివెందులనుంచి వచ్చింది, గుండ్లవంక స్టేషన్ సగం వచ్చింది. రామాంజుల రెడ్డి మాత్రం రాలేదు. పసుపు ఉడకబెట్టే పనుందని కబురు పంపాడు. కానిస్టేబుల్‌కు పక్కవీధి స్టేషన్‌కు బదిలీ అయితే పెళ్ళిపందిరి నుంచి లేచి వచ్చే మనిషికి పసుపు అడ్డమొచ్చిందట!

రహమతుల్లా ఉండబట్టలేక మరుసటి ఆదివారం మిఠాయి పొట్లం పట్టుకుని, కొత్త నక్షత్రాల చొక్కాతోనే బండేసుకుని బయల్దేరాడు. దువ్వూరు దాటి వాళ్ళ ఊరు అడుక్కుంటూ పోయి, ఇంటి ముందర బండి ఆపాడు. కల్లం నిండా పసుపుకొమ్ములు ఆరబోసి ఉన్నాయి. పెరట్లో డ్రమ్ము కింద మంట, మంట పైన ఆవిరి, ఆవిరి వెనకాల ఎవరో దగ్గుతున్నారు. గురమ్మ కొమ్ములు తిప్పుతూ తలెత్తింది.

“రామాంజుల మామ ఇల్లు ఇదేనామ్మా? నా పేరు రహమతుల్లా” అన్నాడు.

“అయ్యో, నువ్వా నాయనా! రా, రా.” గురమ్మ చేతులు దులుపుకుని పెరటివైపు తిరిగి కేకేసింది. “ఏమయ్యో! మన ఏఎస్సై గారొచ్చినారు!”

రహమతుల్లా పొంగిపోయాడు. “మామ చెప్పినాడా అమ్మా? మొన్న మంగళవారమే గుచ్చినారు” అంటూ భుజం ముందుకు తిప్పి చూపించాడు.

గురమ్మ ఆ నక్షత్రం వైపు చూసింది. ముఖంలో ఏ ఆశ్చర్యమూ లేదు. “మొన్న గుచ్చేదేంది? నువ్వు శానా కాలం నుంచీ ఏఎస్సైవే గదా?”

“లేదమ్మా, హెడ్డునే.”

“ఓ, బయట అదేనంట. మాయింట్లో కాదు. నీ కాడికొచ్చిన పొద్దల్లా ఇంటికొచ్చి, ‘ఈ పొద్దు గూడా ఆ మంచోన్ని హెడ్డు అనాల్సొచ్చె గురమ్మా’ అని బువ్వ గూడా సరిగ్గా తినడు. ‘నా నోటితో ఇస్తే ఆయనకు అంతటితోనే సరిపోతాదేమో, నిజమైందాన్ని ఎవరూ అడగరేమో’ అని బాధ. ఇంగ రాత్రి పడుకునేదాకా ఇంట్లో ‘ఏఎస్సై గారు ఇట్లన్యాడు, ఏఎస్సై గారి బిర్యానీ అట్లుండె’ అని ఒకటే పోరు. మా శివ పిల్లోళ్ళు గూడా నిన్ను ఏఎస్సై తాత అనే అంటారు.”

పెరట్లో దగ్గు ఆగిపోయింది. ఆవిరి వెనకాల ఆరడుగుల మనిషి డ్రమ్ములోకి మరీ వంగిపోయి, ఉడికిన పసుపును మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు.

రహమతుల్లా మిఠాయి పొట్లం పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. గురమ్మ దాన్ని అందుకుని, ఒక ముక్క నోట్లో వేసుకుని, మంచం వాల్చింది.

“కూర్చో నాయనా, మజ్జిగ తెస్తా. ఏఎస్సైది మాకు పాత ముచ్చటే. కొత్తదేమన్నా ఉంటే చెప్పు.”